ఒంట్లో సంగతి ఒక కాగితం మీద



"ఎలా ఉందమ్మా?" అని డాక్టరుగారు అడగ్గానే మన పెద్దవాళ్ళు చెప్పే జవాబు ఒక్కటే: "బాగానే ఉంది బాబూ!" రాత్రల్లా కాళ్ళు లాగేస్తున్నాయని మూలిగినవాళ్ళే, ఆ కుర్చీలో కూర్చోగానే అన్నీ మరిచిపోతారు. మా గోవాడలాంటి ఊరినుంచి బస్సెక్కి విశాఖ పెద్దాసుపత్రికి వచ్చిన మనిషికి డాక్టరుగారి ముందు దొరికేవి కొద్ది నిమిషాలే. పదిహేను రోజుల బాధ ఆ కాసేపట్లో నోటికి రావద్దూ? అందుకే ఏ రోజు సంగతి ఆ రోజే రోగి గుర్తుపెట్టుకునే కాగితం ఒకటి ఇంట్లోనే తయారుచేసుకుందాం.

నోటుపుస్తకంలో ఒక పేజీ చాలు. అడ్డంగా వారంలోని ఏడు రోజులు, నిలువుగా నాలుగైదు బాధలు. అంతకు మించితే విసుగుపుట్టి రెండోరోజే మానేస్తారు. బాధల పేర్లు మాత్రం రోగి నోటి మాటలే రాయండి. "తల దిమ్ము", "కడుపులో మంట", "ఒళ్ళు తూలడం" అని మీ అత్తగారు అంటే అలాగే ఉండనివ్వండి. వాటికి వైద్యం పేర్లు వెతకడం డాక్టరుగారి పని.

చదువురాని వాళ్ళకి బొమ్మలు వేయండి. 1980ల తొలి సంవత్సరాల్లో అమెరికాలోని టుల్సాలో డోనా వాంగ్, కోనీ బేకర్ అనే ఇద్దరు మహిళలు, కాలిన గాయాలతో బాధపడే పిల్లలకోసం నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం దాకా ఆరు బొమ్మల వరుస తయారుచేశారు. ముందుగా ఖాళీ సున్నాలిచ్చి, ఆ మొహాలు పిల్లలచేతే వేయించారట! వాడేవాళ్ళని అడిగి చేసిన వస్తువు కనుకే అది లోకమంతా వ్యాపించింది. మనకి మూడు మొహాలు చాలు.

వేళ కూడా గుర్తుపెట్టాలి. చక్కెర జబ్బుకి మందు వాడే మనిషికి భోజనం ఆలస్యమైన రోజుల్లోనే చెమటలు, వణుకు వస్తున్నాయనుకోండి. ఒంట్లో చక్కెర పడిపోతోందేమోనని డాక్టరుగారు ఆ కాగితం చూసి పోల్చుకోగలరు. మందు వేసుకున్న వేళ, తిన్న వేళ పక్కనే ఉండాలి. "పెరటిదాకా నడిచారా?" అనే ప్రశ్న కూడా ఒకటి చేర్చండి. నొప్పి ఎంతో చెప్పలేనివాళ్ళు నడిచిందీ లేనిదీ చెప్పగలరు.

గుర్తు పెట్టవలసింది రోగే. "నిన్నటికంటే నయమేగా" అని మనం నింపేస్తే అది మన అభిప్రాయం అవుతుంది గాని ఆవిడ బాధ కాదు.

ఇంత శ్రమ దేనికంటారా? న్యూయార్కులోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో 766 మంది రోగులతో జరిపిన పరిశోధన ఫలితం 2017లో వెలువడింది. తమ బాధల్ని ఎప్పటికప్పుడు కంప్యూటరులో తెలిపినవాళ్ళు, మామూలు పద్ధతిలో చికిత్స పొందినవాళ్ళకంటే సుమారు 5 నెలలు ఎక్కువకాలం జీవించారు. బాధ ముదిరితే ఆ కబురు వెంటనే నర్సుకి చేరేది. అసలు కీలకం అక్కడే ఉంది. బీరువాలో దాచిన కాగితం ఎవరికీ పనికిరాదు. డాక్టరుగారి చీటీతోపాటు సంచిలో పెట్టండి, లోపలికి వెళ్ళగానే ముందు అదే చేతికివ్వండి.

ఒక్క హెచ్చరిక. గుండెల్లో బరువు, ఊపిరాడకపోవడం, మూతి వంకరపోవడం, చెయ్యో కాలో పడిపోవడం — ఇవి కాగితం మీద రాసుకుంటూ కూర్చునే బాధలు కావు. వెంటనే 108కి ఫోను చేయాలి.

ఇంతవరకూ పెద్దవాళ్ళ గురించే చెప్పాను. ఇంటిల్లిపాదికీ మందులందించి, తన నడుంనొప్పి సంగతి పైకి చెప్పని ఇల్లాలికి కూడా ఆ పుస్తకంలో ఒక పేజీ కేటాయించండమ్మా. సెలవు.