చెరువుగట్టున జీవశాస్త్రము

కలిదిండి ప్రాంతమున చేపల చెరువులు గల యిండ్లలో తెల్లవారుజామున నిద్ర పట్టదు. మూడు గంటలకో నాలుగు గంటలకో ఒకరు లేచి, చేతిదీపము తీసికొని, గట్టు మీదికి పోయి నీటివంక చూచి వచ్చుట వాడుక. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచి గుటకలు వేయుచున్నచో చూచినవారికి గుండె ఝల్లుమనును. ఆ గడియలో ఏమరుపాటు కలిగినచో ఏడాది కష్టము ప్రొద్దుపొడుపునకు తెల్లగా నీటిపై తేలును.

ఆ యిండ్లలోనే పదవ తరగతి చదువు పిల్లలును గలరు. కిరణజన్య సంయోగక్రియ యనగా నేమని అడిగినచో వారు తడుముకొనక చెప్పుదురు. శ్వాసక్రియ యనగా నేమన్నను చెప్పుదురు. "మరి మీ చెరువులోని చేప మిట్టమధ్యాహ్నము గుటకలు వేయక తెల్లవారుజాముననే యేల వేయును?" అని అడిగినచో మాత్రము మౌనము వహింతురు. మూడవ ప్రశ్నకు జవాబు మొదటి రెండు జవాబులలోనే యున్నదని వారికి తోచదు. ఆ జవాబును వెదకుచు, ఉన్నత పాఠశాలలో నేర్పు జీవశాస్త్రపు మూలసూత్రములను కొన్నింటిని ఒకమారు నెమరువేయుట మా యుద్దేశము. పిల్లలతో పాటు పెద్దలును విందురుగాక. చెరువు వారిదే కదా!

మొదటి మాట కణము. 1665లో రాబర్ట్ హుక్ అను ఆంగ్లేయుడు పలుచని బెండుముక్కను సూక్ష్మదర్శినిలో చూచి, అందలి చిన్నచిన్న గదులకు 'సెల్' అని పేరిడెను. ఆయన చూచినవి చనిపోయిన కణముల గోడలు మాత్రమే. 1838లో ష్లైడెన్ మొక్కలు కణనిర్మితములనియు, 1839లో ష్వాన్ జంతువులును అట్టివే యనియు చెప్పిరి. కణము కణము నుండియే పుట్టునని 1855లో విర్కో ప్రకటించెను. చెరువునీరు లేత ఆకుపచ్చగా నున్నచో రైతు సంతోషించును. ఆ రంగు నీటిది కాదు. కంటికి విడివిడిగా కనబడని కోట్లకొలది నాచుజీవులది. వానిలో పెక్కింటికి దేహమంతయు ఒకే కణము. అదే నీటిలో తిరుగు శీలావతి చేప దేహమున లెక్కకు మిక్కిలి కణములు గలవు. పనిలో మాత్రము రెండింటికిని పోలిక గలదు. ఆహారము కావలెను, శక్తి కావలెను, చుట్టునున్న నీటితో ఇచ్చిపుచ్చుకొనుట జరుగవలెను.

ఈ యిచ్చిపుచ్చుకొనుటకు ద్వారము కణపు పొర. దాని పనిని చూచుటకు ప్రయోగశాల అక్కరలేదు, వంటిల్లు చాలును. మాగాయకు తరిగిన మామిడిముక్కలలో ఉప్పు కలిపి జాడీలో నుంచినచో, నీరు పోయకయే మరునాటికి ఊట దిగును. ముక్కలోని నీరు ఉప్పు ఎక్కువగా నున్న వైపునకు పొర దాటి వచ్చినది. దీనినే పాఠ్యపుస్తకము ద్రవాభిసరణము అనును. సముద్రపు పోటుతో ఉప్పుటేరు వెంట ఉప్పునీరు పైకి వచ్చి పొలమున చేరినప్పుడు, మడి నిండ నీరున్నను వరి వాడుట యిందువలననే. వేరు నీటిని పీల్చుకొనుట కష్టమై, నీటి నడుమనే దాహము అనుభవించును. జాడీలోని మామిడిముక్కకును మడిలోని వరివేరునకును సూత్రమొక్కటే.

ఇక మన ప్రశ్నకు సమీపించుదము. 1771లో జోసెఫ్ ప్రీస్ట్లీ అను ఆంగ్లేయుడు, మూసిన పాత్రలో క్రొవ్వొత్తి ఆరిపోయిన గాలి యందు పుదీనా కొమ్మ నుంచెను. కొన్ని దినములకు ఆ గాలిలో క్రొవ్వొత్తి మరల వెలిగెను. మొక్క గాలిని బాగుచేయునని ఆయన గ్రహించెను. అయితే ఈ ప్రయోగము ఒకప్పుడు ఫలించి మరియొకప్పుడు ఫలింపకుండెను. ఏల? 1779లో ఇంగెన్‌హౌస్ అను డచ్చి వైద్యుడు ఈ చిక్కు విప్పెను. గాలిని బాగుచేయునవి మొక్కలోని పచ్చని భాగములే యనియు, వెలుతురున్నప్పుడే అవి యాపని చేయుననియు, చీకటిలో మొక్కయు జంతువువలెనే గాలిని చెరచుననియు ఆయన తేల్చెను.

పత్రహరితము సూర్యకాంతిని గ్రహించును. ఆ శక్తితో నీటిని, బొగ్గుపులుసు వాయువును కలిపి చక్కెర తయారగును. ప్రాణవాయువు వెలుపలికి వచ్చును. ఇది కిరణజన్య సంయోగక్రియ. ఆ చక్కెరను ప్రాణవాయువు సాయముతో విడగొట్టి శక్తిని రాబట్టుకొనుట శ్వాసక్రియ. అందు బొగ్గుపులుసు వాయువు, నీరు మిగులును. జవాబుపత్రములలో మేము తరచుగా చూచు వాక్య మొకటి గలదు: "మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియను, రాత్రి శ్వాసక్రియను జరుపును." ఇందు మొదటి సగము నిజము. రెండవ సగము చిక్కు తెచ్చిపెట్టును. మొక్క రాత్రి మాత్రమే కాదు, పగలును శ్వాసించును. బ్రతికియున్న ప్రతి కణమునకును శ్వాసక్రియకు విరామము లేదు. పగటివేళ పచ్చని మొక్క ఇచ్చు ప్రాణవాయువు వాడుకొనుదానికంటె ఎక్కువ యగుటచేత దాని శ్వాస మనకు తెలియరాదు. షావుకారు చిట్టాలో జమయు ఖర్చును ఒకే దినము పడినట్లే యిదియును. పగలు జమాఖర్చులు రెండును నడచును. ప్రొద్దు గ్రుంకిన పిదప ఖర్చు మాత్రమే నడచును.

ఊపిరి వేరు, శ్వాసక్రియ వేరు అనియు గుర్తుంచుకొనవలెను. గాలిని లోనికి తీసి విడచుట ఊపిరి. కణములో ఆహారము నుండి శక్తి పుట్టుట శ్వాసక్రియ. ఆ శక్తిని కణము చిల్లర నాణెములుగ మార్చుకొని దాచును. ఆ నాణెమునకు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పొట్టిగా ఏటీపీ, అని పేరు. కండరములో దీనిని కనుగొన్నవారిలో ఒకడు కలిదిండికి చేరువనున్న భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కూడి ఆయన ఈ పదార్థమును గూర్చి 1929లో ప్రకటించెను. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ వేరుగా దీనిని కనుగొనెను. చేప తోక ఆడించినను, రైతు పార యెత్తినను, విద్యార్థి కలము కదలించినను ఖర్చగు నాణెము అదియే. పాఠ్యపుస్తకములో ఏటీపీ అను మాట వచ్చినప్పుడు ఈ ప్రాంతపు బాలురు దానిని పరాయిమాటగా తలచనక్కరలేదు.

ఇప్పుడు తెల్లవారుజామునకు వత్తము. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు గలదు. 30 డిగ్రీల వేడిగల లీటరు మంచినీరు గాలి నుండి కరగించుకొని నిలుపుకొనగలది సుమారు ఏడున్నర మిల్లీగ్రాములే. చేప బ్రతుకు ఆ కొద్దిపాటి నిలువపై ఆధారపడినది. పగలు పచ్చని నాచుజీవులు నీటిలో ప్రాణవాయువును జమ చేయును. సాయంకాలమునకు నిలువ హెచ్చును. చీకటి పడగనే జమ ఆగును. చేపలు ఖర్చు చేయును. అడుగున మిగిలిన తవుడును, రెట్టలను కుళ్లబెట్టు సూక్ష్మజీవులు ఖర్చు చేయును. పగలు జమ చేసిన నాచుజీవులే రాత్రి ఖర్చులో చేరును. రాత్రియంతయు తరిగి తరిగి, సూర్యోదయమునకు ముందు నిలువ అడుగంటును. చేప గుటకలు వేయునది అప్పుడే. మధ్యాహ్నము వేయకుండుటకు కారణమును ఇదే.

ఈ సూత్రము తెలిసినవానికి మరికొన్ని సంగతులు అడుగకయే తెలియును. పగలెల్ల మబ్బు పట్టియున్నచో జమ తగ్గును గనుక ఆ రాత్రి జాగరూకత వహింపవలెను. నీరు మితిమీరి పచ్చబడుట ఐశ్వర్యము కాదు. పగలెంత జమయో రాత్రి అంత ఖర్చు. మేత మిగిలినచో చేపకు లాభింపదు. కుళ్లి, ప్రాణవాయువును హరించును. నీటిని చిలుకు ఏరేటరు చక్రములు గాలికిని నీటికిని కలయిక పెంచి, తరిగిన నిలువను కొంత పూరించును. తండ్రికి అనుభవమున తెలిసిన యీ విషయములకు కారణమును కుమారుడు గాని కుమార్తె గాని పుస్తకము నుండి చెప్పగలిగినచో, ఆ యింట చదువునకును పనికిని పొత్తు కుదిరినట్లే.

అదే రాత్రి అదే చెరువులో కొరమీను తేలికగా బ్రతుకును. దాని తలలో మొప్పలకు పైగా గాలిని పీల్చుకొను ప్రత్యేకమైన అరలు గలవు; అది నీటిపైకి వచ్చి గాలినే నేరుగా గ్రహించును. శీలావతికి ఆ సదుపాయము లేదు. పరిసరములకు తగిన యిట్టి నిర్మాణమునే అనుకూలనము అందురు. ఊరూరను పేరు మారుచుండుట వలన శాస్త్రజ్ఞులు ప్రతి జీవికిని ప్రజాతి, జాతి అను రెండు మాటల పేరు పెట్టిరి. కొరమీను చన్నా స్ట్రయేటా, శీలావతి లేబియో రొహిటా. ఈ పద్ధతిని నెలకొల్పినవాడు పదునెనిమిదవ శతాబ్దమున స్వీడన్ దేశపు లిన్నేయస్.

చెరువుగట్టు దిగి కొల్లేటి వంక చూచినచో ఈ లెక్కయే విశాలముగ కనబడును. నాచును చిన్నపురుగులు, వానిని చిన్నచేపలు, వానిని పెద్దచేపలు, వానిని ఆటపాకలోని గూడబాతులు తిని బ్రతుకును. ఇది ఆహారపు గొలుసు. ప్రతి మెట్టునను శక్తిలో అధికభాగము ఖర్చయి, సుమారు పదవవంతు మాత్రమే పైమెట్టునకు చేరును. నాచు విస్తారము, గూడబాతులు స్వల్పము అగుటకు ఇదియే హేతువు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ బుడమేరు, తమ్మిలేరు వంటి యేరుల నీటిని గ్రహించి ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పంపు ఈ సరస్సు 1999లో పక్షుల అభయారణ్యమయ్యెను. 2002లో రామ్‌సర్ ఒడంబడిక జాబితా కెక్కెను. సరస్సును ఆక్రమించిన చెరువుగట్లను 2006లో ప్రభుత్వము కొట్టివేయించెను. ఆ చర్య వలన జీవనోపాధి కోల్పోయినవారి బాధయు నిజము, సరస్సు కుంచించుట వలన కలుగు నష్టమును నిజము. ఈ తగవున ఎవరు ఏ పక్షము వహించినను, జమ తగ్గి ఖర్చు పెరిగిన నీటిలో చేపయు, పక్షియు, మనిషియు నిలువజాలరని మాత్రము మరువరాదు.

వినుచున్న విద్యార్థులకు మా కోరిక యొకటి. ఒక గాజుగ్లాసులో నీటితో హైడ్రిల్లా నాచు నుంచి ఎండలో పెట్టి బుడగలు లెక్కించుడు. పిదప నీడలో పెట్టి మరల లెక్కించుడు. ఒక నోటుపుస్తకములో నాటి నాటి మబ్బును, నీటి రంగును, తెల్లవారుజామున చేపల తీరును వ్రాయుడు. ఒక మాసము వ్రాసిన పిదప పాఠ్యపుస్తకము తెరచి ఆ రెండు నిర్వచనములను చదువుడు. అవి మీ చెరువును గూర్చి వ్రాసినట్లే తోచును.