కుక్కతో ఆర్‌వీ ప్రయాణం

1960లో అమెరికా రచయిత జాన్ స్టైన్‌బెక్ ట్రక్కు మీద చిన్న గది అమర్చుకుని, చార్లీ అనే పూడిల్ కుక్కను వెంటబెట్టుకుని దేశం చుట్టి వచ్చాడు. పడకా, వంటిల్లూ ఉన్న ఆర్‌వీ బళ్లలో పెంపుడు కుక్కతో సహా సెలవులకు బయల్దేరడం ఇప్పుడక్కడ మామూలే.

ఇలాంటి ప్రయాణంలో పెద్ద గండం వేడి. బయట 21 డిగ్రీలే ఉన్నా, ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో అరగంటకల్లా 40 డిగ్రీలకు చేరుతుంది. ఆర్‌వీలో ఏసీ ఉంది కదా అని కుక్కను వదిలి వెళ్తే, క్యాంపులో కరెంటు పోయిందంటే దాని ప్రాణం మీదికొస్తుంది. అందుకే చాలామంది వేడి పెరగగానే ఫోనుకు కబురు పంపే చిన్న పరికరాన్ని బండిలో పెట్టుకుంటారు.

బండి కదులుతున్నంతసేపూ కుక్క బోనులోనో, సీటుబెల్టుకు తగిలించిన పట్టీలోనో ఉండాలి. డ్రైవరు ఒళ్లో కాదు.

నేషనల్ పార్కుల్లో మెడతాడు ఆరు అడుగులు మించకూడదు. యెల్లోస్టోన్‌లో వేడినీటి బుగ్గల పక్కనున్న చెక్కబాటల మీదికి కుక్కలను రానివ్వరు. గ్రాండ్ క్యాన్యన్ దక్షిణ అంచు మీది బాటల్లో తిప్పనిస్తారు గానీ, లోయలోకి దింపనివ్వరు.

రేబిస్ టీకా పత్రం వెంట ఉంచుకోండి, మెడపట్టీ మీద ఫోన్ నంబరు రాయించండి, వెళ్లబోయే పార్కు నిబంధనలు ముందే చదువుకోండి.