ఊపిరితిత్తుల క్యాన్సరు - కొన్ని అపోహలు

(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



లెక్కల తనిఖీకి వచ్చేవాడు రోగాల సంగతి ఎత్తాడేమిటని మీరనుకోవచ్చు. నేను వైద్యుణ్ణి కాను, సహకార డిప్లొమా చదివినవాణ్ణి. అయినా ఈ విషయం సంఘం పనికి సంబంధించినదే.

ఒక సంఘంలో ఊపిరితిత్తుల క్యాన్సరు వచ్చిన సభ్యుని ఇంటి పాలు పోయించుకోవద్దని కొందరు పట్టుబట్టారు. వారం రోజులు ఆ క్యాను తిరిగి వెళ్లింది. మందులకు డబ్బు కావలసిన సమయంలోనే ఆ కుటుంబానికి పాల బిల్లు ఆగింది. క్యాన్సరు అంటువ్యాధి కాదు. పక్కన కూర్చున్నా, ఒకే గ్లాసుతో నీళ్లు తాగినా, ఆ చేతులు పితికిన పాలు తాగినా రాదు. మనం చూడవలసింది పాలలో వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. మాత్రమే.

"సిగరెట్టు తాగేవారికే వస్తుంది, మాది బీడీ, చుట్ట" అనేది రెండో అపోహ. ఏ ఆకులో చుట్టినా పొగాకు పొగాకే. అసలు పొగ తాగనివారిలోనూ కొందరికి వస్తుంది. పక్కవారు కాల్చే పొగ, గాలి ఆడని వంటింట్లో కట్టెల పొగ, పిడకల పొగ కూడా హానికరమే. పేడను గోబర్ గ్యాసుకు వాడితే వంటింట్లో పొగ తగ్గుతుంది, ఎరువూ మిగులుతుంది.

"పాలు, నెయ్యి, బెల్లం తింటే పొగంతా కడిగేస్తుంది" అంటారు. పాలు అమ్మే మనమే ఈ మాట ప్రచారం చేయరాదు. తాగిన పాలు కడుపులోకి పోతాయి గాని ఊపిరితిత్తుల్లోకి పోవు. పాలు బలమిస్తాయి, పొగాకు చేసిన హానిని కడగలేవు.

"ముప్పై ఏళ్ల అలవాటు, ఇప్పుడు మానితే ఏం లాభం?" అంటారు. బ్రిటన్‌లో 1951 నుంచి 50 ఏళ్లు వైద్యులనే పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించారు. పొగ మానని వారు సగటున 10 ఏళ్లు ముందుగా పోయారు. 50వ ఏట మానినవారికి సుమారు 6 ఏళ్లు, 60వ ఏట మానినవారికి సుమారు 3 ఏళ్లు ఆయుష్షు కలిసివచ్చింది.

దగ్గులో నెత్తురు పడితే క్షయే అనుకోకండి. రెండు వారాలు మించి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం. క్షయ లేదన్నా, మందులకు దగ్గు తగ్గకపోయినా మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లి ఎక్స్‌రే తీయించుకోండి. కత్తి తగిలితే క్యాన్సరు పాకుతుందని భయపడి ముక్క పరీక్ష మానుకోవద్దు. అది చేయనిదే ఏ రకమో తెలియదు, మందు నిర్ణయించలేరు. ఆలస్యం చేస్తేనే జబ్బు ముదురుతుంది.

చివరగా రెండు కోరికలు. బహిరంగ స్థలాల్లో పొగ తాగడంపై 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా నిషేధం అమలులో ఉంది. పాల కేంద్రంలో బోర్డు పెట్టి దాన్ని అమలు చేయండి. పాలు ఇట్టే వాసన పట్టేస్తాయి కూడా. క్యాన్సరు వచ్చిన సభ్యుని క్యాను వెనక్కు పంపకండి, ఆ ఇంటి బిల్లు ఒక్కరోజు కూడా ఆపకండి.