బొమ్మకు ఏ సిరా?

ఫౌంటెన్ పెన్నుతో బొమ్మ గీసి, పైన వాటర్ కలర్ వేయగానే గీతలన్నీ అలుక్కుపోవడం బొమ్మలు వేసేవాళ్లకు తెలిసిన తంటాయే. మామూలు పెన్ను సిరాలు చాలావరకు నీళ్లలో కరిగే రంగుతో చేసినవి. తడి తగిలితే కదులుతాయి, వెలుతురుకు వెలిసిపోతాయి. చిత్రకారుడు వాన్ గో 1888లో ఫ్రాన్స్‌లోని మోన్‌మజూర్ దృశ్యాన్ని ఊదా సిరాతో గీశాడు. ఇప్పుడా గీతలు గోధుమరంగుకు తిరిగాయి.

ఇండియన్ ఇంక్ సంగతి వేరు. అందులో ఉండేది మసి, అంటే కార్బన్. ఎండకు దాని నలుపు తగ్గదు. ఆ మసి కాగితాన్ని పట్టుకోవడానికి చాలా రకాల్లో లక్క కలుపుతారు. ఆరాక నీటిని ఆపేదీ ఆ లక్కే, ఫౌంటెన్ పెన్ను లోపల గడ్డకట్టి పెన్నును పాడుచేసేదీ ఆ లక్కే. కాబట్టి ఈ సిరాకు ముంచి గీసే పాళీ గానీ, కుంచె గానీ వాడాలి. పని కాగానే కడిగేయాలి; టీ తాగొచ్చి కడుగుదాంలే అంటే కుదరదు. ఫౌంటెన్ పెన్నే కావాలంటే దానికోసమే చేసిన పిగ్మెంట్ సిరాలు, అంటే నీళ్లలో కరగని రంగుపొడితో చేసినవి, ఉన్నాయి, ధర కాస్త ఎక్కువే.

సీసా మీద వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా నమ్మేయకండి. మీరు వాడే కాగితం మీదే నాలుగు గీతలు గీసి, రాత్రంతా ఆరనిచ్చి, తడి కుంచెతో రుద్ది చూడండి. గీసేటప్పుడే గీత అంచున సన్నటి పాయలు పాకుతుంటే మాత్రం తప్పు సిరాది కాకపోవచ్చు, కాగితం పీల్చేస్తోందేమో. అప్పుడు ముందు కాగితం మార్చి చూడండి.