సిగ్గు ఎక్కడ పుట్టింది?



1860 నుండి 1911 వరకు నేటాలు చెరకు తోటలకు వచ్చిన మన పూర్వులలో రామనామము చెప్పుకొన్నవారు ఉన్నారు, యేసు నామము చెప్పుకొన్నవారూ ఉన్నారు. 1903లో తెలుగు బాప్తిస్టుల పక్షాన జాన్ రంగయ్య గారు ఇక్కడికి వచ్చారు. అందుచేత ఆదాము హవ్వల కథ మనలో కొన్ని ఇళ్లలో తెలుగులోనే వినిపించింది. ఆ కథలో సిగ్గు అనే ఒక్క మాటను గురించి ఈనాడు ఆలోచిద్దాము.

ఆదికాండము రెండవ అధ్యాయము చివర తొలి దంపతులకు బట్టలు లేవు, సిగ్గూ లేదు. అక్కడ మన తెలుగు బైబిలు వారిని దిగంబరులు అంటుంది. దిక్కులే బట్టలుగా గలవారని ఆ మాటకు అర్థము. ఎంత చక్కని మాట! నాలుగవ శతాబ్దములో సిరియా భాషలో కీర్తనలు వ్రాసిన ఎఫ్రేము కూడా దీనికి దగ్గరగానే తలచాడు. వారు దేవుని మహిమనే వస్త్రముగా కట్టుకొన్నారనీ, ఆజ్ఞ మీరినప్పుడు అది జారిపోయిందనీ ఆయన భావము. రెండవ శతాబ్దపు ఐరేనియసు వారిని చిన్నపిల్లలుగా చూశాడు. మొలత్రాడు ఒక్కటే కట్టుకొని వాకిట్లో పరుగెత్తే పసివాణ్ణి తలచుకొంటే ఆ భావము మనకు తెలుస్తుంది. అగస్టీను (354-430) మరొక కారణము చెప్పాడు. మనిషి దేవుని మాట వినలేదు, అప్పటినుండి మనిషి శరీరము మనిషి మాట వినడము మానింది, అందుకే సిగ్గు.

దేవుడు చేసిన శరీరము మంచిదేనని ఈ ముగ్గురూ ఒప్పుకొంటారు. చెడినది నమ్మకము. అది చెడగానే వారు అంజూరపు ఆకులు కుట్టుకొన్నారు, చెట్ల చాటున దాగారు, అడిగితే నేరము మరొకరి మీద వేశారు.

తరువాత దేవుడు చేసినది చూడండి. నీవు దిగంబరివని నీకెవరు చెప్పారని ఆదామును అడిగాడు. శిక్ష కూడా విధించాడు. కాని తోట నుండి పంపకముందు తానే చర్మపు చొక్కాయిలు చేసి వారికి తొడిగించాడు. తప్పు చేసినవారిని కూడా బట్టలు లేకుండా బయటికి పంపలేదు.

ఇక మన ఇళ్ల సంగతి. "సిగ్గు లేదా?" అనే మాట మన నోట ఎంత తేలికగా వస్తుందో పెద్దలందరికీ తెలుసు. తరగతిలో ఒక పిల్లవాడు 'ళ' పలకలేక తడబడినప్పుడు నలుగురు నవ్వితే, మరునాడు వాడు నోరు తెరవడు. వాడు కూడా చెట్టు చాటుకు వెళ్లినట్టే. నాలుగవ తరము బిడ్డకు తెలుగు రాకపోవడము పాపము కాదు. తప్పు దిద్దవలసిందే, దగ్గర కూర్చుండబెట్టుకొని, మెల్లగా దిద్దుదాము. ఏ మతము ఇంటివారమైనా, బిడ్డ సిగ్గును కప్పే పని పెద్దలమైన మనదే.