ముందు రాసుకోండి, హద్దులు తర్వాత

పట్టాలు అందుకున్న మీ అందరికీ నా ఆశీస్సులు.

నా ఉద్యోగ జీవితం కొంత జిల్లాల్లో, కొంత ఢిల్లీలో కేంద్ర హోం శాఖలో గడిచింది. అప్పట్లో ఆ శాఖ ఉన్న నార్త్ బ్లాక్‌లో కూర్చుంటే దేశమంతా చేతిలో ఉన్నట్టేనని బంధువులు అనుకునేవారు. నిజమే, సరిహద్దు భద్రతా దళం, సీఆర్పీఎఫ్, ఎన్ఐఏ, జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం, జనగణన, చివరికి పద్మ పురస్కారాల దస్త్రాలు కూడా అక్కడివే. కానీ మీ ఊరి స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకునే రైటర్ మీద ఆ శాఖకు నేరుగా అధికారం లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో శాంతిభద్రతలు, పోలీసు అనేవి రాష్ట్రాల జాబితాలో మొదటి రెండు అంశాలు. అంతర్గత కల్లోలం నుంచి రాష్ట్రాలను కాపాడే బాధ్యతను మాత్రం 355వ అధికరణం కేంద్రం మీద పెట్టింది.

పోలీసు రాష్ట్రాల చేతిలో ఉండటాన్ని లోపమనేవాళ్లున్నారు. నేననను. ఇంత పెద్ద దేశంలో పోలీసులందరూ ఒకే గది నుంచి వచ్చే ఆజ్ఞకు కదలడం పౌరుడికి క్షేమం కాదు. అందుకే రాష్ట్రాలు అడిగితే బలగాలు పంపడం, పోలీసుల ఆధునికీకరణకు నిధులివ్వడం, మన హైదరాబాద్ అకాడమీలో ఐపీఎస్‌లను తయారుచేయడం, రాష్ట్రాలకు సలహా లేఖలు రాయడం వంటివే ఆ శాఖ రోజువారీ పని.

ఆ లేఖల దగ్గరే నా బాధంతా. ఢిల్లీలో నిర్భయ ఘటన తర్వాత, 2013లో, హోం శాఖ రాష్ట్రాలకు రాసింది. నేరం ఎక్కడ జరిగినా బాధితులు వచ్చిన స్టేషన్‌లోనే ఎఫ్ఐఆర్ నమోదుచేయాలి, తర్వాత దాన్ని సంబంధిత స్టేషన్‌కు పంపాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. విచారణార్హమైన నేరం గురించి చెబితే ఎఫ్ఐఆర్ తప్పనిసరని అదే ఏడాది లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆరేళ్లు గడిచాక, 2019 నవంబరులో, శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలు కనిపించకుండా పోయింది. ఆ రాత్రి పోలీసులు తమను హద్దుల పేరుతో తిప్పారని ఆమె కుటుంబం వాపోయింది. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఢిల్లీ నుంచి రాసిన వాక్యం ఆ రాత్రి ఆ స్టేషన్ బల్ల దాకా చేరలేదు.

ఈ జబ్బు పాతదే. నేను పనిచేసిన ఒక జిల్లాలో రెండు స్టేషన్లకు వాగే హద్దు. వాగులో ఒక కుర్రాడి శవం తేలింది. ఈ గట్టువాళ్లు ఆ గట్టుకు పొమ్మన్నారు, ఆ గట్టువాళ్లు ఈ గట్టుకు పొమ్మన్నారు. కన్నతండ్రి పొద్దుగూకేదాకా ఆ నీళ్లలోనే అటూ ఇటూ నడిచాడు. ప్రజాభద్రత గురించి ఎన్ని గొప్ప నివేదికలు చదివినా నాకు ముందు ఆ మనిషే కనిపిస్తాడు.

జీరో ఎఫ్ఐఆర్ ఇప్పుడు సలహా కాదు, చట్టం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో, నేరం జరిగిన ప్రాంతంతో నిమిత్తం లేకుండా సమాచారం ఇవ్వవచ్చని స్పష్టంగా ఉంది. న్యాయశాస్త్రం చదివిన పిల్లలూ, సెక్షన్లు మీకు నోటికి వచ్చు. మీ అమ్మకు ఇది చెప్పారా? మీ వీధిలో ఆటో నడిపే అన్నకు చెప్పారా? ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోగానే 1930కి ఫోన్ చేయాలని మీ తాతయ్యకు తెలుసా? తెలియదంటే ఇన్నేళ్లూ ఏం చదివినట్టు నాయనా! ఈ వారంలోనే ఇంటికి వెళ్లి చెప్పండి. ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చని, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చని కూడా చెప్పండి.

మీలో కొందరు సివిల్స్ రాస్తారు, కొందరు ఎస్ఐ పరీక్షకు కూర్చుంటారు. ఆ కుర్చీలోకి వెళ్లినవాళ్లు స్టేషన్‌కు వచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టండి. చెప్పింది రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోండి. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా చేతిలో పెట్టండి. అది ఎవరి హద్దు అన్న లెక్క, ఆ మనిషి ఇల్లు చేరాక మీరూ పక్క స్టేషన్‌వాళ్లూ తేల్చుకోవచ్చు.