పాత కంప్యూటరు, కొత్త కార్డు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మోకాళ్ళ నొప్పులు, బకాయిలు కాక వేరే విషయం మాట్లాడమని కార్యదర్శి గారి ఆజ్ఞ. నేను ఇంజనీరును కాను. ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళు కదిపిన గుమాస్తాను. ఆ అనుభవమే ఈమధ్య ఇంట్లో అక్కరకు వచ్చింది.

మా నివాసం రాయదుర్గం. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన కొత్తలో వింతగా వెళ్ళి చూసివచ్చాను. ఇప్పుడు కిటికీ తీస్తే అద్దాల మేడలే. మా ఇంట్లో మాత్రం 2014లో కొన్న కంప్యూటరే. మనవడు యానిమేషన్ చదువుతున్నాడు. కొత్త కంప్యూటరు కొనే స్తోమత లేక, నా కరువు భృతి బకాయిలతో గ్రాఫిక్స్ కార్డు కొనిచ్చాను. దుకాణం కుర్రాడే బిగించాడు. తీరా చూస్తే బొమ్మ కదలదు. "తాతయ్యా, మీ డబ్బు పాడుచేశాను" అని వాడు నా ముఖం చూడటం మానేశాడు. వాళ్ళ నాన్న కోర్సే మానమన్నాడు. నాకు నిద్ర పట్టలేదు.

ఫైలు కదలకపోతే ఏ బల్ల దగ్గర ఆగిందో చూడాలి కదా! తాతా మనవళ్ళం మూత విప్పి కూర్చున్నాము.

మొదటి తప్పు నాదే. దుమ్ము దులిపి మానిటరు తీగను కార్డుకు కాక మదర్‌బోర్డుకు తగిలించాను. అధికారి లోపల ఉండగా గుమాస్తా చేత సంతకం పెట్టించినట్లయింది.

రెండవది అసలు సంగతి. బోర్డు మీద పొడవాటి గాడులు రెండున్నాయి. చూపుకు రెండూ ఒకటే. పై గాడిలో పదహారు దారులు, సెకనుకు సుమారు 16 గిగాబైట్లు. కింది గాడిలో పాతరకం దారులు నాలుగే, 2 గిగాబైట్లు. రూపాయికి రెండణాలన్నమాట! కార్డు కింది గాడిలో ఉంది. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాములో ఈ లెక్క కనబడుతుంది. కార్డుకు పని అప్పగించి చూడాలి, ఖాళీగా ఉన్నప్పుడు తక్కువే చూపుతుంది.

మూడవది మెమరీ. ఒకే ముక్క ఉంది. మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి, చెనాయ్ ట్రేడ్ సెంటరులో అలాంటిదే మరొకటి కొని, జత గాడిలో పెట్టాము. మెమరీ దారి రెట్టింపయింది.

సెకనుకు 24 బొమ్మలు వచ్చేచోట 41 వచ్చాయి. కొత్త కంప్యూటరంత వేగం కాదు. పాత ప్రాసెసరు తన హద్దు దాటదు. అయినా వాడి పనికి చాలింది. ఆ రాత్రి వాడు నా పక్కన కూర్చుని అన్నం తిన్నాడు.

రెండు జాగ్రత్తలు. గాడి ఇచ్చే కరెంటు 75 వాట్లే. ఆపైన కావాలంటే వేరే తీగలు, మంచి పవర్ సప్లై తప్పనిసరి. అక్కడ పొదుపు వద్దు. కార్డు ఎన్ని దారులు వాడుతుందో అడిగి కొనండి. 2022లో వచ్చిన రేడియాన్ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ వాడేది నాలుగే. పాత బోర్డులో అది బాగా వెనకబడుతుంది.

పనికిరాదని పారేసేముందు, సరైన కుర్చీలో కూర్చోబెట్టామా అని ఒకసారి చూడండి. ఈ మాట కంప్యూటరుకే కాదు, మన వయసు వాళ్ళకూ వర్తిస్తుంది.